సాయంత్రం దుమ్ము, అర్ధరాత్రి ఆయాసం

ప్రశ్న: నాకు 34 ఏళ్లు. పదిహేనేళ్లుగా పొద్దున లేవగానే తుమ్ములు, ముక్కు కారడం ఉన్నాయి. మరీ ఎక్కువైనప్పుడు ఒక అలర్జీ మాత్ర వేసుకుని పనిలో పడిపోయేదాన్ని. నాలుగు నెలలుగా తెల్లవారుజామున దగ్గు, ఛాతీ పట్టేసినట్టు ఉండడం మొదలయ్యాయి. డాక్టరు గారు ఊపిరి పరీక్ష చేయించి, అలర్జీతో ముడిపడిన ఆస్తమా అన్నారు. రెండు ఇన్‌హేలర్లు రాశారు. ఒకటి రోజూ రెండు పూటలా, రెండోది ఆయాసం వచ్చినప్పుడు. మొదటిదాంట్లో స్టెరాయిడ్ ఉందని తెలిసి పక్కన పెట్టేశాను. రెండోదే వాడుతున్నాను. మొన్న ఆదివారం సాయంత్రం ఐదు గంటలకు పుస్తకాల అలమర దులిపాను. వరసగా తుమ్ములు వచ్చాయి, కాసేపు ఛాతీ బిగిసింది, గంటలో సర్దుకుంది. రాత్రి బాగానే పడుకున్నాను. ఒంటిగంటకు ఊపిరాడక లేచాను. పిల్లికూతలు గది అంతా వినిపించాయని మావారు అన్నారు. దుమ్మే కారణమైతే అప్పుడే రావాలి కదా, ఎనిమిది గంటల తర్వాత ఎందుకు వచ్చింది? ముక్కులో ఉండే జబ్బు ఛాతీకి ఎలా దిగింది? ఇన్నాళ్లూ పట్టించుకోకపోవడమే నా తప్పా? ఇన్‌హేలర్ అలవాటైతే ఇక జన్మలో మానలేమని మా అత్తగారు భయపడుతున్నారు. మా ఆరేళ్ల బాబుకు పసితనంలో ఎగ్జిమా ఉండేది, ఇప్పుడు వాడూ తుమ్ముతున్నాడు. వాడికీ ఆస్తమా వస్తుందా? అన్నట్టు, అలమరలో ఇంకా రెండు అరలు దులపాల్సి ఉంది. ధైర్యం చాలడం లేదు.

జవాబు: మీ ఉత్తరంలో అన్నిటికన్నా పనికొచ్చే వివరం ఆ రెండు సమయాలు, సాయంత్రం ఐదు, రాత్రి ఒంటిగంట. చాలామంది ఆ లెక్క వేసుకోరు. రాత్రి ఆయాసం వస్తే రాత్రి తిన్నదాన్నో, తెరిచి ఉంచిన కిటికీనో అనుమానిస్తారు. అసలు దోషి సాయంత్రమే వచ్చి తన పని చేసి వెళ్లిపోయి ఉంటుంది.

మన భాషలో అలర్జీకి వేరే పేరు వెతుక్కోనక్కరలేదు. ‘నాకు దుమ్ము పడదు’ అంటాం, అంతే. వియన్నాలో పిల్లల వైద్యుడిగా పనిచేసిన క్లెమెన్స్ ఫాన్ పిర్కే 1906లో ‘అలర్జీ’ అనే మాటను పుట్టించినప్పుడు చెప్పదలచుకున్నదీ దాదాపు ఇదే. ఒక పదార్థాన్ని ఒకసారి ఎరిగిన శరీరం, రెండోసారి దానితో వేరే తీరుగా ప్రవర్తిస్తుందని ఆయన గమనించాడు. ‘ఒకసారి ఎరిగిన’ అన్న మాటలోనే కిటుకు ఉంది. దుమ్ములోని ఒక ప్రొటీన్ హానికరమని మీ రోగనిరోధక వ్యవస్థ ఎప్పుడో పొరబడింది. దాని కోసం ఐజీఈ అనే ప్రతిరక్షకాలను తయారు చేసి పెట్టుకుంది. అవి రక్తంలో తిరగడంతో ఆగకుండా ముక్కు, కళ్లు, ఊపిరి గొట్టాల పొరల్లో కూర్చున్న మాస్ట్ కణాలకు అతుక్కుని ఉంటాయి. ఏళ్ల తరబడి అలా కాచుకుని కూర్చోవడమే వాటి పని.

మీరు అలమర తలుపు తీసి గుడ్డ విసిరారు. ఆ ప్రొటీన్ వచ్చి ఐజీఈలకు తగిలింది. ఎండిన కాయ ఫట్‌మని పగిలి గింజలు చిమ్మినట్టు మాస్ట్ కణాలు తమలో నింపుకున్న హిస్టమిన్‌ను, మరికొన్ని రసాయనాలను వెదజల్లాయి. ముక్కులో అయితే దాని ఫలితం తుమ్ములు, నీరు. ఊపిరి గొట్టాల్లో అయితే వాటి చుట్టూ ఉన్న సన్నని కండరం బిగుసుకుంటుంది. ఇదంతా నిమిషాల్లో జరిగిపోతుంది. పావుగంటలోనో అరగంటలోనో పతాకస్థాయికి చేరి, గంటా రెండు గంటల్లో తగ్గిపోతుంది. ఐదు గంటలకు మీకు జరిగింది ఇదే. సర్దుకుందని మీరు అనుకున్నారు. అనుకోవడంలో తప్పేమీ లేదు, అందరూ అలాగే అనుకుంటారు.

కానీ ఆ మాస్ట్ కణాలు హిస్టమిన్‌తో పాటు కబుర్లు కూడా పంపాయి. ‘ఇక్కడ గొడవ జరుగుతోంది, రండి’ అన్న ఆ కబురు అందుకుని ఇసినోఫిల్స్ అనే తెల్ల రక్తకణాలు, వాటితో పాటు ఇంకొన్ని కణాలు రక్తనాళాల్లోంచి గొట్టాల గోడల్లోకి చేరుకుంటాయి. అవి రావడానికి సమయం పడుతుంది. సాధారణంగా నాలుగు నుంచి ఎనిమిది గంటల తర్వాత రెండో విడత మొదలవుతుంది. ఈసారి కండరం బిగియడం ఒక్కటే కాదు. గోడ లోపలి పొర వాస్తుంది, జిగురు కఫం ఊరుతుంది. మొదటి విడత బిగింపు అయితే రెండో విడత వాపు. బిగింపు సడలినంత తేలిగ్గా వాపు దిగదు. అందుకే అది ఎక్కువసేపు ఉంటుంది, మొండిగా ఉంటుంది. ఐదుకు ఎనిమిది కలిపితే ఒంటిగంట. అలర్జీ ఉన్న అందరికీ ఈ రెండో విడత రాదు. మీకు వచ్చినట్టే ఉంది.

దానికి తోడు అది అర్ధరాత్రి. ఒంట్లో సహజంగా తయారై వాపును అదుపులో ఉంచే కార్టిసాల్ అనే హార్మోను ఆ వేళకు అట్టడుగుకు పడిపోతుంది. ఆరోగ్యవంతులకు సైతం ఊపిరి గొట్టాలు తెల్లవారుజామున కాస్త సన్నబడతాయి, ఆస్తమా ఉన్నవారికి ఆ తేడా చాలా ఎక్కువ. పైగా మీ ముఖం అప్పటికి మూడు గంటలుగా దిండు మీద ఉంది. దిండు సంగతికి మళ్లీ వస్తాను.

వాపు ఉన్నన్ని రోజులూ గొట్టాలు ఉలిక్కిపడే స్వభావంతో ఉంటాయి. ఆ స్థితి రోజులు, ఒక్కోసారి వారాలు కొనసాగుతుంది. ఆ సమయంలో చల్లగాలి, అగరుబత్తి పొగ, మెట్లెక్కడం, ఆఖరికి పగలబడి నవ్వడం కూడా దగ్గు తెప్పిస్తాయి. వీటిలో ఏదీ మీకు అలర్జీ కాదు. దుమ్ము తెచ్చిపెట్టిన వాపు మీద ఇవి వేలు పెడుతున్నాయి, అంతే. ‘నాకు అన్నీ పడవు డాక్టరు గారూ, నవ్వు కూడా పడదు’ అని నా దగ్గర వాపోయినవాళ్లు ఉన్నారు. నిజానికి వాళ్లకు పడనివి ఒకటో రెండో ఉండేవి. వాటి వల్ల వచ్చిన వాపును అదుపు చేశాక నవ్వుతో పేచీ తీరిపోయింది.

ఇక ముక్కు నుంచి ఛాతీకి ఎలా దిగిందన్న ప్రశ్న. దిగలేదు, మొదటి నుంచీ ఒకే దారి. ముక్కు రంధ్రం నుంచి ఊపిరితిత్తుల దాకా పరిచిన పొర చాలా దూరం ఒకే రకం నేత. డాక్టర్లం దాన్ని రెండు శాఖలుగా పంచుకున్నాం గానీ దుమ్ముకు ఆ సరిహద్దు తెలియదు. ఆస్తమా ఉన్నవారిలో చాలామందికి, కొన్ని లెక్కల ప్రకారం 80 శాతం వరకు, ముక్కు అలర్జీ కూడా ఉంటుంది. ముక్కు అలర్జీ ఉన్నవారిలో ఆస్తమా కనిపించేది 10 నుంచి 40 శాతం మందిలో. ముక్కు చేసే పని చిన్నది కాదు. గాలిని వెచ్చబెట్టి, తడిపి, పెద్ద రేణువులను పట్టేసుకుని లోపలికి పంపుతుంది. అది దిబ్బడ వేస్తే నోటితో పీలుస్తారు. అప్పుడు వడపోత లేని పొడిగాలి నేరుగా గొట్టాల్లోకి పోతుంది. ఇంకో సంగతి కూడా ఉంది. ఊపిరి గొట్టంలో ఒక చిన్న భాగానికి మాత్రమే అలర్జీ పదార్థం తగిలించి చూసిన పరిశోధనల్లో, దాన్ని తాకని ముక్కులోనూ వాపు కణాలు కనిపించాయి. కబురు రక్తం ద్వారా అటూ ఇటూ పోతుందన్నమాట. అందుకే మీ ఛాతీకి వైద్యం చేసేటప్పుడు ముక్కును వదిలేస్తే సగం పనే చేసినట్టు. రోజూ వాడే ముక్కు స్ప్రే ఏదైనా అవసరమా అని మీ డాక్టరును తప్పక అడగండి.

ముక్కు అలర్జీని చిన్నచూపు చూడకూడదని చెప్పడానికి నాకు గుర్తొచ్చే ఉదంతం మెల్‌బోర్న్‌ది. 2016 నవంబరు 21 సాయంత్రం అక్కడ ఉరుములతో గాలివాన వచ్చింది. అది గడ్డి పూసే కాలం. మామూలుగా పుప్పొడి రేణువు పెద్దది కాబట్టి ముక్కులోనే ఆగిపోతుంది. ఆ రోజు తేమకు రేణువులు పగిలి, లోపలి సూక్ష్మమైన తునకలు గాలి విసురుతో నేల మట్టానికి దిగాయి. అవి నేరుగా ఊపిరి గొట్టాల్లోకి వెళ్లాయి. కొన్ని గంటల్లో వేలమంది ఆయాసంతో ఆసుపత్రులకు చేరారు, పదిమంది చనిపోయారు. బాధితుల్లో చాలామందికి అంతకుముందు ఆస్తమా ఉందని ఎవరూ చెప్పలేదు. ఉన్నదల్లా పుప్పొడి కాలంలో తుమ్ములే. మిమ్మల్ని బెదిరించాలని ఇది చెప్పడం లేదు. ముక్కులో ఆగిన కథ ఛాతీకి చేరడానికి ఒక్కోసారి రేణువు పరిమాణం మారితే చాలని తెలియాలని చెబుతున్నాను.

మీ తప్పా అంటే, కాదు. ఆస్తమాకు వంశపారంపర్య స్వభావం ఉంది, పెరిగిన పరిసరాల పాత్ర ఉంది, పసితనంలో వచ్చిన వైరస్ జబ్బుల పాత్ర ఉంది. మీరు ఆ అలర్జీ మాత్రను పదిహేనేళ్లూ క్రమం తప్పకుండా మింగి ఉంటే ఆస్తమా రాకుండా ఉండేదనడానికి ఆధారం లేదు. ఆ మాత్ర హిస్టమిన్‌ను అడ్డుకుంటుంది. తుమ్ములకు, దురదకు బాగా పనిచేస్తుంది. గొట్టాల వాపు మీద దాని ప్రభావం నామమాత్రం. కాబట్టి గతం గురించి కుమిలిపోవద్దు. ఈ నాలుగు నెలల గురించి మాత్రం నేను మిమ్మల్ని కాస్త మందలించాల్సి ఉంది.

మీరు రెండు ఇన్‌హేలర్లలో అసలైనదాన్ని పక్కన పెట్టి, తాత్కాలికమైనదాన్ని పట్టుకున్నారు. ఆయాసం వచ్చినప్పుడు వాడేది బహుశా సాల్బుటమాల్ అయి ఉంటుంది. అది బిగుసుకున్న కండరాన్ని నిమిషాల్లో సడలిస్తుంది, నాలుగైదు గంటలు నిలుస్తుంది. వాపును తాకదు. పైన చెప్పిన రెండో విడత దాని కళ్లముందే జరిగిపోతుంది. వెంటనే హాయిగా ఉంటుంది గనుక మనిషికి నమ్మకం కుదురుతుంది. లోపల వాపు పెరుగుతూనే ఉంటుంది. 2019 నుంచి గినా అనే అంతర్జాతీయ ఆస్తమా మార్గదర్శక సంస్థ పెద్దలకు, పన్నెండేళ్లు దాటిన పిల్లలకు ఇలా సాల్బుటమాల్ లాంటి మందు ఒక్కదాంతో నెట్టుకురావద్దని స్పష్టంగా చెబుతోంది. రెండు వందల పఫ్‌ల డబ్బాలు ఏడాదికి మూడు లేదా అంతకు మించి ఖర్చయితే తీవ్రమైన ఆయాసం వచ్చే ముప్పు పెరుగుతుంది. పన్నెండు దాటితే ప్రాణానికే ముప్పు పెరుగుతుంది. ఈ నాలుగు నెలల్లో మీరు ఎన్ని వాడారో లెక్క చూసుకోండి. ఆ అంకె మీ డాక్టరుకు చెప్పండి, సిగ్గుపడకుండా.

రోజూ వాడమన్నది వాపును అణిచే మందు. స్టెరాయిడ్ అన్న మాట వినగానే చాలామందికి ఉబ్బిన ముఖాలు, పెళుసైన ఎముకలు కళ్ల ముందు మెదులుతాయి. ఆ భయానికి మూలం నెలల తరబడి మింగే మాత్రలు. పీల్చే మందు కొలత వేరు. బుడెసొనైడ్ లాంటిది తక్కువ మోతాదులో అయితే రోజుకు 200 నుంచి 400 మైక్రోగ్రాములు. తీవ్రమైన ఆయాసం వచ్చి ఆసుపత్రికి వెళ్తే ఇచ్చే ప్రెడ్నిసొలోన్ అనే స్టెరాయిడ్ మాత్ర పెద్దలకు రోజుకు 40 మిల్లీగ్రాములు ఉండవచ్చు, అంటే 40,000 మైక్రోగ్రాములు. మందులు వేరు, వాటి బలం వేరు కాబట్టి బరువును బట్టి సరిగ్గా పోల్చలేం. అయినా మాత్ర ఒళ్లంతా తిరుగుతుంది, పీల్చింది చాలావరకు పని ఉన్న చోటికే పోతుంది. చిన్న మందుకు భయపడి మానేసినవాళ్లే చివరికి పెద్ద మందు మింగాల్సి రావడం నేను ఎన్నోసార్లు చూశాను. పీల్చే మందుతో గొంతు బొంగురుపోవడం, నోట్లో తెల్లటి పూత రావడం జరగవచ్చు. వాడిన ప్రతిసారీ నీళ్లు పుక్కిలించి ఉమ్మేస్తే అవి చాలావరకు రావు.

మీ అత్తగారికి ఇది చదివి వినిపించండి. ఆమె భయంలో ప్రేమ ఉంది, గమనింపు కూడా ఉంది. ఇన్‌హేలర్ పట్టినవాళ్లు ఏళ్ల తరబడి వాడడం ఆమె చూసే ఉంటారు. అయితే వాళ్లు మానలేకపోవడానికి కారణం మందు కాదు, జబ్బు. చూపు కోసం కళ్లజోడు పెట్టుకున్నవాళ్లు కళ్లజోడుకు బానిసలయ్యారని మనం అనుకోం కదా. పైగా ఇది ఎప్పుడూ ఒకే మోతాదులో ఉండదు. రెండు మూడు నెలలు అదుపులో ఉంటే డాక్టర్లు మెల్లగా తగ్గించి చూస్తారు. మీ అంతట మీరు ఆపేయడం మాత్రం వద్దు. వాపును అణిచే మందు, ఫార్మోటెరాల్ అనే త్వరగా పనిచేసే మందు కలిసి ఒకే ఇన్‌హేలర్‌లో కూడా దొరుకుతాయి. దాన్నే రోజూ, అవసరమైనప్పుడు కూడా వాడే పద్ధతి ఉంది. రెండు డబ్బాల గందరగోళం మీకు ఇబ్బందిగా ఉంటే ఆ దారి మీకు సరిపోతుందేమో డాక్టరును అడగండి.

ఇన్‌హేలర్ పట్టుకునే తీరు గురించి మీరు అడగలేదు. అయినా చెబుతాను, ఎందుకంటే మందు పనిచేయడం లేదని వచ్చేవారిలో సగం పంచాయతీ ఇక్కడే ఉంటుంది. నొక్కే రకం డబ్బా అయితే ముందు బాగా ఊపాలి. ఊపిరి మెల్లగా పూర్తిగా బయటికి వదలాలి. పెదవులు ఇన్‌హేలర్ మూతి చుట్టూ బిగించి, మెల్లగా లోతుగా పీల్చడం మొదలుపెడుతూ ఒక్కసారి నొక్కాలి. పీల్చడం పూర్తయ్యాక పది లెక్కపెట్టేదాకా ఊపిరి బిగబట్టాలి. చాలామంది ముందు నొక్కి, తర్వాత తీరిగ్గా పీలుస్తారు. మందంతా నాలుక మీద, గొంతు గోడ మీద పడిపోతుంది. స్పేసర్ అనే ప్లాస్టిక్ గొట్టం తగిలిస్తే ఈ తిప్పలు చాలావరకు తప్పుతాయి. పొడి మందు పరికరమైతే ఇందుకు విరుద్ధం, జోరుగా, లోతుగా లాగాలి. తర్వాతిసారి వెళ్లినప్పుడు డాక్టరు ముందే ఒకసారి పీల్చి చూపించండి.

ఇప్పుడు దిండు. ఇంటి దుమ్ములో అలర్జీ పుట్టించేది మట్టి అనుకుంటాం. 1964లో నెదర్లాండ్స్‌లోని లైడెన్ నగరపు పరిశోధకులు అసలు దోషిని పట్టుకున్నారు. అది డస్ట్ మైట్, అంటే దుమ్ములో బతికే ఒక సూక్ష్మ పురుగు. మిల్లీమీటరులో మూడో వంతు కూడా ఉండదు, కంటికి ఆనదు. మన ఒంటి నుంచి రాలే చర్మపు పొట్టు దాని తిండి. నీళ్లు తాగదు, గాలిలోని తేమనే పీల్చుకుని బతుకుతుంది. మనిషి ఎనిమిది గంటలు పడుకునే పరుపు, దిండు దానికి తిండి, వెచ్చదనం, చెమట తడి మూడూ సమకూర్చే ఇల్లు. అది కుట్టదు, కరవదు. మీకు పడనిది ముఖ్యంగా దాని మలం. ఒక్కో పురుగు రోజుకు ఇరవై దాకా సూక్ష్మమైన ఉండలు వేస్తుంది. వాటిలో ఉన్న ప్రొటీన్ ఒక జీర్ణరసం. అది ఊపిరి గొట్టాల పొరలో కణానికి, కణానికి మధ్య ఉన్న అతుకును కొరికి తనకు తానే దారి చేసుకుంటుంది. ఎంత తెలివైన దొంగో చూడండి.

ఆ ఉండలు బరువైనవి. కదిలిస్తేనే లేస్తాయి, కాసేపట్లో కిందికి దిగిపోతాయి. దిండు మీద తల అటు ఇటు తిప్పినప్పుడు, పక్క దులిపినప్పుడు, అలమరలో గుడ్డ విసిరినప్పుడు వాటికి రెక్కలొస్తాయి. అందుకే గాలిని శుద్ధి చేసే యంత్రం కొనాలా అని అడిగేవారికి, పురుగు విషయంలో అది చేసేది తక్కువని చెబుతాను. పిల్లి సంగతి వేరు. దాని లాలాజలం నుంచి, చర్మం నుంచి వచ్చే ప్రొటీన్ ఎంత తేలికైన రేణువులుగా ఉంటుందంటే గంటల తరబడి గాలిలో తేలుతుంది. పిల్లి వెళ్లిపోయిన నెలల తర్వాత కూడా ఇంట్లో మిగిలి ఉంటుంది.

యంత్రం మీద పెట్టే డబ్బును ముందు పడక మీద పెట్టండి. దిండుకు, పరుపుకు పురుగు దూరలేని దగ్గర నేత తొడుగులు వేయించండి. దుప్పట్లు, గలీబులు వారానికోసారి 60 డిగ్రీల వేడి నీళ్లలో ఉతకండి. చల్లని నీళ్లు మలాన్ని కొంత కడుగుతాయి గానీ పురుగును చంపవు. గదిలో తేమ 50 శాతం లోపు ఉంటే అవి బతకడం కష్టం. బాబు పక్కలో పెట్టుకునే మెత్తటి బొమ్మలుంటే ఒక రోజంతా ఫ్రీజర్‌లో ఉంచి, తర్వాత ఉతకండి. చలికి పురుగు చస్తుంది, ఉతికితే మిగిలినది పోతుంది. వీటిలో ఒక్కటి చేసి ఊరుకుంటే పెద్దగా ఫలితం కనిపించదు. నాలుగూ కలిపి చేస్తే కనిపించవచ్చు. మందుకు ఇవి తోడు మాత్రమే.

అయితే మీకు పడనిది పురుగేనని ఇంకా రుజువు కాలేదు. పాత పుస్తకాల్లో బూజు కూడా ఉంటుంది. ఎవరికైనా బొద్దింక వదిలిన రేణువులు పడకపోవచ్చు, ఎవరికైనా పుప్పొడి. చర్మం మీద చుక్కలు వేసి సన్నగా గీరి చూసే పరీక్ష ఉంది, పావుగంటలో ఫలితం తెలుస్తుంది. దానికి ముందు కొన్ని రోజులు మీ అలర్జీ మాత్ర ఆపాలి, లేకపోతే పరీక్ష అబద్ధం చెబుతుంది. ఎన్ని రోజులో అది చేసేవారే చెబుతారు. రక్తంలో ఐజీఈ చూసే పరీక్షకు మాత్ర ఆపనక్కరలేదు. ఒక హెచ్చరిక. పరీక్షలో చర్మం పొంగినంత మాత్రాన దాన్ని జబ్బుకు కారణమని తీర్మానించకూడదు. శరీరం దాన్ని గుర్తుపట్టిందని మాత్రమే అర్థం. యాభై పదార్థాల జాబితా చేతికిచ్చి, అందులో సగం తినొద్దనే కాగితాలు నేను చాలా చూశాను. మీ అనుభవంతో సరిపోలిన ఫలితానికే విలువ.

ఆ అనుభవాన్ని కాగితం మీద పెట్టండి. రెండు వారాలు చాలు. దగ్గు, ఆయాసం వచ్చిన ప్రతిసారీ సమయం రాసి, పక్కన రెండు గళ్లు గీయండి. ఒకదాంట్లో అంతకుముందు అరగంటలో ఏం చేశారో, రెండోదాంట్లో నాలుగు నుంచి ఎనిమిది గంటల కిందట ఎక్కడ ఉన్నారో రాయండి. రెండో గడి మీకే ఆశ్చర్యం కలిగిస్తుంది. జలుబు ఉందా లేదా అన్నది కూడా రాయండి. జలుబు వైరస్, అలర్జీ రెండూ ఒకే వారంలో కలిస్తే వచ్చే ఆయాసం విడివిడిగా వచ్చే రెండిటి కన్నా తీవ్రంగా ఉంటుంది. ఊపిరి ఎంత జోరుగా వదలగలరో కొలిచే పీక్ ఫ్లో మీటర్ దొరికితే ఉదయం, సాయంత్రం ఊది ఆ అంకె కూడా వేయండి.

పదార్థం ఏదో తేలి, మందులతో ఆస్తమా అదుపులోకి వచ్చాక ఇమ్యునోథెరపీ గురించి ఆలోచించవచ్చు. పడని పదార్థాన్నే అతి కొద్దిగా మొదలుపెట్టి శరీరానికి అలవాటు చేసే పద్ధతి అది. 1911లో లండన్‌లో లియొనార్డ్ నూన్ పుప్పొడితో మొదలుపెట్టాడు. మూడు నుంచి ఐదేళ్లు పడుతుంది. ఇంజెక్షన్ అయితే వేయించుకున్నాక అరగంట అక్కడే కూర్చోవాలి, ఎప్పుడైనా తీవ్రమైన ప్రతిచర్య రావచ్చు కాబట్టి. ఆస్తమా అదుపులో లేనివారికి అది ప్రమాదం. కాబట్టి ఇప్పుడు మీరున్న స్థితిలో దాని ఊసు వద్దు.

బాబు విషయం. తల్లికి ఆస్తమా, పసితనంలో ఎగ్జిమా, ఇప్పుడు తుమ్ములు. ఈ మూడూ కలిసినప్పుడు అవకాశం మామూలు పిల్లల కన్నా ఎక్కువ. చర్మంతో మొదలై ముక్కుకు, ముక్కు నుంచి ఛాతీకి నడిచే ఈ వరుస చాలామంది పిల్లల్లో చూస్తాం. మధ్యలోనే ఆగిపోయేవాళ్లూ చాలామందే. మీరు చూడాల్సింది రాత్రి నిద్ర చెడగొట్టే దగ్గు, పరుగెత్తాక వచ్చే దగ్గు, జలుబు చేసిన ప్రతిసారీ ఛాతీలోకి దిగడం, ఊపిరి వదిలేటప్పుడు ఈల. ఇవి కనిపిస్తే చూపించండి. ఇంట్లో ఎవరైనా సిగరెట్ తాగుతుంటే అది మానడం వాడికి, మీకు చేయగలిగిన మేలు. బాల్కనీలో తాగి వచ్చినా బట్టలతో పాటు పొగ లోపలికి వస్తుంది.

ఇక ఆ ఆదివారం రాత్రి లాంటిది మళ్లీ వస్తే ఏం చేయాలో డాక్టరు చేత కాగితం మీద రాయించుకుని, మీవారికి కూడా చూపించి ఉంచండి. ఎన్ని పఫ్‌లు, ఎంతసేపటికి ఒకసారి, ఎప్పుడు బయలుదేరాలి అన్నది అందులో ఉండాలి. పడుకోవద్దు, నిటారుగా కూర్చోవాలి. మందు పీల్చాక కూడా తగ్గకపోయినా, ఒక వాక్యం పూర్తిగా పలకలేకపోతున్నా, మెడ దగ్గర, పక్కటెముకల మధ్య చర్మం లోపలికి గుంజుకుపోతున్నా, పెదవులు నీలంగా మారుతున్నా కాగితం కోసం వెతకకుండా ఆసుపత్రికి బయలుదేరండి. దారిలో కూడా మందు పీలుస్తూ ఉండండి. అప్పటిదాకా వినిపించిన పిల్లికూతలు ఉన్నట్టుండి ఆగిపోయి, మనిషి మాత్రం అలసిపోతూ ఉంటే అది తగ్గడం అనుకోకండి. కూత రావడానికి సరిపడా గాలి కూడా ఆడడం లేదని అర్థం.

ఆ మిగిలిన రెండు అరల సంగతి మీవారికి అప్పగించండి. పొడి గుడ్డతో విసరకుండా తడి గుడ్డతో తుడవమనండి, మూతికి మాస్కు కట్టుకోమనండి, కిటికీలు తెరిచి ఉంచమనండి. ఆయన తుడిచేటప్పుడు మీరు, బాబు ఇంకో గదిలో ఉండి, తలుపు వేసుకుని, కనీసం రెండు గంటలు ఆగాక ఆ గదిలోకి వెళ్లండి. అప్పటికి పక్కన పెట్టిన ఆ మొదటి ఇన్‌హేలర్ ఎక్కడుందో వెతికి, గడువు తేదీ చూసి, ఈ రాత్రి నుంచే మొదలుపెట్టవచ్చా అని డాక్టరుకు ఫోను చేయండి.